ఈక గాలం... తీర్థన్ తీరం!

వానపాము అక్కర్లేదు, కోడి ఈక చాలు చేప పడటానికి. అదీ మంచుకొండల మధ్య, అద్దంలాంటి నీళ్లలో! హిమాచల్‌లోని తీర్థన్ లోయకు వెళ్లేవాళ్లను ఇప్పుడు ఊరిస్తున్న సరదా ఇదే. కాకపోతే సామాన్ల ధర వినగానే సగం మంది వెనక్కి తగ్గుతారు. నిజానికి అంత భయపడాల్సిన పన్లేదు.

చెరువుగట్టు మీద గాలం వేసుక్కూర్చున్న వాణ్ని ఎవరినైనా అడగండి. కావలసినవి నాలుగే అంటాడు. వెదురు గెడ, దారం, బెండు, వానపాము. మహా అయితే కొక్కేనికి ఓ పది రూపాయలు. అదే మనిషిని తీసుకెళ్లి తీర్థన్ నది ఒడ్డున నిలబెడితే కాసేపు నోట మాట రాదు. మోకాళ్లలోతు నీళ్లలో ఒకాయన నిలబడి ఉంటాడు. చేతిలో తొమ్మిదడుగుల సన్నటి కర్ర. దాన్ని వెనక్కీ ముందుకీ ఊపుతుంటే పసుప్పచ్చ తాడొకటి గాల్లో మడతపడుతూ, విప్పుకుంటూ పోయి, ముప్ఫై అడుగుల అవతల బండ పక్కనున్న చిన్న మడుగులో మెత్తగా వాలుతుంది. బెండు లేదు. సీసం గుండు లేదు. కొసన ఉన్నది కొక్కేనికి దారంతో చుట్టిన ఈక ముక్క. నీళ్ల మీద వాలిన పురుగేమో అనుకుని ట్రౌట్ చేప దాన్ని గబుక్కున అందుకుంటుంది... అంతే!

ఫ్లై ఫిషింగ్ అంటే ఇదే. కొత్తదేం కాదు. మాసిడోనియాలో ఎర్ర ఉన్ని, కోడి మెడ ఈకలు కొక్కేనికి కట్టి చేపలు పడతారని ఏలియన్ అనే రోమన్ రచయిత దాదాపు 1800 ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. ఇన్ని శతాబ్దాల్లో ఎర పెద్దగా మారలేదు. మారిందల్లా కర్ర, తాడు, వాటి ధర. ఇప్పుడు ఒక్క కర్రకే వెయ్యి డాలర్లు దాటే కంపెనీలున్నాయి. అమెరికా కేటలాగు చూసి ఈ సరదా మనలాంటి వాళ్లకు కాదులే అనుకున్నవాళ్లు ఎందరో. ఆ కేటలాగు పక్కన పెట్టి, ముందు నది దగ్గరికి వెళ్దాం.

రోడ్డు పక్కన బియాస్

ఢిల్లీ నుంచో చండీగఢ్ నుంచో మనాలి వెళ్లే దారిలో, మండి దాటాక బియాస్ నది తోడవుతుంది. ఔట్ అనే చోట దాదాపు మూడు కిలోమీటర్ల సొరంగం. మనాలి వెళ్లేవాళ్లు అందులోకి దూరిపోతారు. తీర్థన్ వెళ్లాలంటే సొరంగానికి ముందే బంజార్ రోడ్డు పట్టుకోవాలి. లార్జీ దగ్గర తీర్థన్, సైంజ్ నదులు వచ్చి బియాస్‌లో కలుస్తాయి. ఆ కింద లార్జీ ఆనకట్ట. దానికి కొంచెం దిగువన తలౌట్.

ఆ పేరు మన వాళ్లు మర్చిపోరు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఇక్కడే నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పైన ఆనకట్ట గేట్లు ఎత్తారు. ఏం జరుగుతోందో తెలిసేలోగా నీళ్లు చుట్టుముట్టాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట వచ్చిన ఓ టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వారాల తరబడి గాలిస్తే గానీ మృతదేహాలు దొరకలేదు. తెలుగు కుటుంబాలు ఈ దారిన పోతూ ఇప్పటికీ కిటికీలోంచి ఓసారి అటు చూస్తాయి.

చేపలు పట్టే వ్యాసంలో ఈ సంగతి ఎందుకంటే, నదిలో కాలు పెట్టే ప్రతివాడూ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది... పైన ఆనకట్ట ఉందా? తీర్థన్ మీద పెద్ద ఆనకట్టలేవీ లేవు. అది ఊరికే రాలేదు. ఈ నది మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు కడతామని ప్రతిపాదనలు వచ్చినప్పుడు లోయలోని ఊళ్లు ఒప్పుకోలేదు. బంజార్ మాజీ ఎమ్మెల్యే దిలారాం శబాబ్ ముందు నిలబడి పోరాడారు. వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. చివరికి ప్రాజెక్టులు ఆగాయి. అందుకు వాళ్లు చూపించిన కారణాల్లో ట్రౌట్ ఒకటి. చేప ఉంటే జనం వస్తారు, జనం వస్తే ఊళ్లో నాలుగు ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. ఆనకట్ట కడితే చేపా ఉండదు, ఆ బతుకుతెరువూ ఉండదు.

ఓడెక్కి వచ్చిన గుడ్లు

నిజానికి ఈ చేప మన దేశానిది కాదు. ఇంగ్లీషు దొరలకు తమ ఊరి వేట మీద బెంగ పుట్టి, 1899లో ట్రౌట్ గుడ్లను కశ్మీరుకు తెప్పించారు. అవి దారిలోనే పాడయ్యాయి. మరుసటి ఏడాది స్కాట్లండ్ నుంచి ఓడలో ఇంకో విడత వచ్చింది. ఈసారి పిల్లలు బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల వ్యాపారం చేసే మిచెల్ అనే ఆయన వాటిని కంటికి రెప్పలా సాకాడు. అక్కణ్నుంచి 1909లో కులూ లోయలోని మహిలీకి గుడ్లు తెచ్చి హేచరీ పెట్టారు. కులూ నదుల్లో ఇవాళ తిరిగే బ్రౌన్ ట్రౌట్‌కు అదే పుట్టిల్లు. దక్షిణాదిన నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో కూడా ట్రౌట్ ఉంది. కానీ పిల్లాపాపలతో వెళ్లి, ఒడ్డునే గది తీసుకుని, కిటికీలోంచి నదిని చూస్తూ నేర్చుకునే వీలు తీర్థన్‌లో ఉన్నంతగా ఇంకెక్కడా కనపడదు.

బ్రౌన్ ట్రౌట్ మహా సుకుమారి. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. చల్లగా ఉండాలి, తేటగా ఉండాలి, పరుగెడుతూ ఉండాలి. ఒంటి మీద నల్లచుక్కలు, ఎర్రచుక్కలు. ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, బండ చాటున నిలబడి, నీళ్లు మోసుకొచ్చే పురుగుల్ని తింటుంది. మనిషి నీడ పడితే చాలు, మాయమవుతుంది. అందుకే దిగువ నుంచి ఎగువకు, దాని వెనకగా వెళ్లాలి. వంగి నడవాలి. ఈ తెలివికి పైసా ఖర్చు లేదు. ఖరీదైన కర్ర పట్టుకుని నిటారుగా నడిచేవాడి కంటే, అద్దె కర్ర పట్టుకుని ఒంగి నడిచేవాడికే చేప పడుతుంది.

తొమ్మిది గ్రాముల రహస్యం

ఇక సామాన్ల సంగతి. ఏం కొనాలో తెలియాలంటే, ఇదెలా పనిచేస్తుందో ముందు తెలియాలి.

మామూలు గాలంలో బరువంతా కొసన ఉంటుంది. సీసం గుండు విసిరితే దాని వెంట దారం పోతుంది. ఇక్కడ కొసనున్న ఈకకు బరువే లేదు. ఈకను విసిరితే ఎంత దూరం పోతుంది? కాళ్ల ముందే పడుతుంది. కాబట్టి ఇందులో విసిరేది తాడును. దాన్నే ఫ్లై లైను అంటారు. దాదాపు 90 అడుగులుంటుంది. పైన ప్లాస్టిక్ పూతతో, ముందు భాగం కాస్త లావుగా, బరువుగా, నీళ్ల మీద తేలేలా చేస్తారు. కర్ర స్ప్రింగులా వంగి ఆ లైనును తోస్తుంది, లైను ఈకను మోసుకుపోతుంది.

కర్రల మీద 4, 5, 6 అని రాసుండే నంబర్ల గుట్టు కూడా అదే. అది కర్ర బరువు కాదు, దానికి సరిపోయే లైను బరువు. 5వ నంబరు లైనులో మొదటి 30 అడుగులు తూచితే 9 గ్రాములు. మందంగా ఉండే పాత ఐదు రూపాయల బిళ్ల సరిగ్గా అంతే తూగుతుంది. ఆటంతా ఆ బిళ్లంత బరువుతోనే! 5వ నంబరు కర్రకు 5వ నంబరు లైనే వేయాలి. చాలామంది కొత్తవాళ్లు పేరున్న కర్ర కొని, మిగిలిన చిల్లరతో ఏదో ఒక లైను చుట్టించుకుంటారు. అది రీలు మీద నుంచి స్ప్రింగు చుట్టల్లా ఊడివస్తుంది. ఎంత ఊపినా ముందుకు పోదు. కర్ర మంచిది కాదని తిట్టుకుంటారు పాపం!

అందుకని చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఆ డబ్బు వెళ్లాల్సిన వరస ఇది... ముందు లైను, తర్వాత కర్ర, ఆఖర్న రీలు. దుకాణంలో మాత్రం అన్నిటికంటే ముందు తళతళలాడే రీలునే చేతిలో పెడతారు. ట్రౌట్ వేటలో రీలంటే లైను చుట్టిపెట్టుకునే డబ్బా, అంతకు మించి పెద్ద పనేం లేదు. సాల్మన్‌లాంటి పెద్ద చేప లాక్కుపోతే ఆపడానికి మంచి బ్రేకు ఉండాలి గానీ, తీర్థన్‌లో జానెడు, మూరెడు చేపకు వేళ్లతో లైను పట్టుకుంటే సరిపోతుంది. రీలు మీద డబ్బులు తగలేయొద్దు.

ఏది కొనాలి? ఎంతకి?

కొత్తవాళ్లకు ఎక్కడైనా చెప్పే కొలత... తొమ్మిదడుగులు, 5వ నంబరు, నాలుగు ముక్కలు. తీర్థన్‌కూ అది సరిపోతుంది. ఒడ్డున చెట్లు ఒత్తుగా ఉండే పైవాగుల్లో అయితే ఎనిమిదడుగుల 4వ నంబరు హాయిగా ఉంటుంది. కానీ మొదటి కర్ర అన్నిటికీ పనికొచ్చేలా ఉండాలి కదా! నాలుగు ముక్కలైతే ఒక్కోటి రెండడుగుల పైచిలుకే. బస్సు సీటు పక్కన నిలబెట్టుకోవచ్చు.

కర్ర, రీలు, లైను, లీడరు అన్నీ కలిపి ఒక సంచిలో అమ్మే సెట్లు ఉన్నాయి. చైనా కంపెనీలవి ఆన్‌లైన్‌లో సుమారు 8 వేల నుంచి 12 వేల రూపాయల్లో వస్తాయి. రెడింగ్టన్, ఆర్విస్‌లాంటి అమెరికా కంపెనీల్లో మొదటి మెట్టు సెట్లు అక్కడ 200 డాలర్లకు అటూఇటూ. ఇక్కడికి తెప్పించుకుంటే పన్నులూ రవాణా కలిసి తడిసిమోపెడవుతుంది. అబ్బాయో అల్లుడో అమెరికా నుంచి పండక్కి వస్తుంటే మాత్రం చెప్పి చూడండి. విప్పిన కర్ర పెద్ద సూట్‌కేసులో ఏటవాలుగా పడుతుంది. పాత కర్రలు కొన్నా నష్టం లేదు. కొనేముందు ముక్కలు బిగించి, కీళ్ల దగ్గర వేలితో తడిమి చూడాలి. సన్నటి పగులు తగిలితే వదిలేయండి. లైను మాత్రం పాతది తీసుకోవద్దు. పూత పగిలితే అది తేలదు.

చవక సెట్లలో కర్ర ఫర్వాలేదు, రీలూ ఫర్వాలేదు. తేలిపోయేది లైనే. అందుకే కొందరు అనుభవజ్ఞులు సెట్టు కొని, అందులో లైను పక్కన పడేసి, విడిగా మంచి లైను వేసుకుంటారు. డబ్బాల మీద రాసుండే ‘డబ్ల్యూఎఫ్ 5 ఎఫ్’ అనే గుర్తు చూసి తీసుకోవాలి. ముందు భాగం బరువున్న, 5వ నంబరు, తేలే లైను అని దానర్థం. రంగు ఎంత కొట్టొచ్చినట్టున్నా చేపకు నష్టం లేదు. ఎందుకంటే లైనుకూ ఈకకూ మధ్య ‘లీడరు’ అనే తొమ్మిదడుగుల పారదర్శకమైన నైలాన్ దారం ఉంటుంది. లైను దగ్గర లావుగా మొదలై కొసకు వచ్చేసరికి వెంట్రుకలా సన్నబడుతుంది. దాని మీద 4ఎక్స్, 5ఎక్స్ అని ఉంటుంది. ఎక్స్ పక్కన అంకె పెరిగేకొద్దీ దారం సన్నం. 4ఎక్స్ అంటే 0.18 మిల్లీమీటర్లు. కొనే లీడర్లు ఖరీదనిపిస్తే, మామూలు నైలాన్ దారాలు మూడు మందాల్లో తీసుకుని, లావు నుంచి సన్నానికి ముడులేసుకుంటూ ఇంట్లోనే చేసుకోవచ్చు. కాకినాడ, విశాఖల్లో వలల సామాన్లు అమ్మే కొట్లో దారపు చుట్ట దొరకడం ఎంతసేపు!

రీలు గొడవే వద్దనుకునేవాళ్లకు జపాను వాళ్ల ‘టెంకారా’ ఉంది. కొండవాగుల కోసం పుట్టిన పద్ధతి. పన్నెండడుగుల కర్ర, మడిస్తే మూరెడు గొట్టం. కర్ర కొసకే దారం కట్టేస్తారు, దాని చివర ఈక. మన వెదురు గెడకు దగ్గరి చుట్టం. నాలుగైదు వేలల్లో అయిపోతుంది. దూరం విసరలేం, పెద్ద చేప పడితే దారం వదలడానికి వీలుండదు. కానీ తీర్థన్‌లోకి దిగే పిల్లవాగుల దగ్గర, పదేళ్ల పిల్లల చేతికివ్వడానికి దీన్ని మించింది లేదు. ఖర్చు గురించి నిజంగా ఆలోచించేవాళ్లు ముందు దీన్నే చూడాలి.

కోఠి కత్తెర, పాత బూట్లు

అసలు సామాన్ల కంటే కొసరు సామాన్లే జేబుకు చిల్లు పెడతాయి. జేబులు పన్నెండున్న కోటు, బ్రాండు టోపీ, నడుము దాకా వచ్చే రబ్బరు ప్యాంటు... ఇవేవీ లేకుండానే మొదటి ఏడాది గడిచిపోతుంది.

చేప నోట్లోంచి కొక్కెం తీయడానికి పొడుగు ముక్కు పటకారు కావాలి. వేట సామాన్ల వాళ్లు దానికో పేరు పెట్టి వెయ్యి రూపాయలు చెబుతారు. అదే సరుకు హైదరాబాద్ కోఠిలో సర్జికల్ షాపుకు వెళ్లి ఆర్టరీ ఫోర్సెప్స్ అని అడిగితే అందులో చిన్న వంతు డబ్బుకే ఇస్తారు. దారం కోయడానికి గోళ్ల కత్తెర. మెడలో వేలాడదీసుకోవడానికి పాత ఐడీ కార్డు తాడు. పోలరాయిడ్ నల్లకళ్లద్దాలు మాత్రం తప్పదు. నీటి మీద మెరుపు పోయి లోపలి చేప కనపడుతుంది. అంతకంటే ముఖ్యం, గాల్లో ఎగిరే కొక్కెం కంట్లో పడకుండా కాపాడుతుంది. కళ్లజోడు లేనిదే పిల్లల చేతికి కర్ర ఇవ్వొద్దు.

ఈకల విషయానికొస్తే, దుకాణంలో వందల రకాలు రంగురంగులుగా నోరూరిస్తుంటాయి. చేపకంటే ముందు మనిషి పడేది ఆ పెట్టెలకే! ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి లోపల రాళ్లకు అంటుకుని పెరిగే పురుగులే. కాబట్టి మునిగే రకాలు సగమన్నా ఉండాలి. ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్ అనేవి మునిగే రకాల్లో పేరుమోసినవి. తేలేవాటిలో ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్. నాలుగు రకాలు, ఒక్కోటి మూడు. మొత్తం డజను. మొదటి యాత్రకు చాలు. అందులో సగం చెట్లకే పోతాయి, అది అందరికీ మామూలే.

కొసర్లతో సహా లెక్కేస్తే, సెట్టు తీసుకున్నవాళ్లకు 12 వేల నుంచి 15 వేల లోపు, టెంకారా తీసుకున్నవాళ్లకు అందులో సగం. డాలరు రేటుతో అటూఇటూ అవుతుందనుకోండి. ఓ మాదిరి సెల్‌ఫోన్ ధర!

ముందు గడ్డి మీద!

అసలు ఇదంతా కొనకముందే ఒక పని చేయొచ్చు. తీర్థన్ ఒడ్డున గెస్ట్‌హౌసుల్లో, హోమ్‌స్టేల్లో కర్రలు అద్దెకిస్తారు. లోయలో పుట్టిపెరిగిన గైడ్లు తోడు వస్తారు. ఏ బండ కింద చేప ఉంటుందో, ఏ రాయి జారుతుందో వాళ్లకు అరచేతిలో గీతలా తెలుసు. ఒక పూట అద్దె కర్రతో గడిపితే ఇది మనకు పట్టుబడే సరదానో కాదో తేలిపోతుంది. నచ్చకపోతే పోయేది పూట అద్దే. నచ్చితే, ఏ కర్ర చేతికి హాయిగా ఉందో తెలిశాక ఇంటికొచ్చి కొనుక్కోవచ్చు. సామాన్లు కొనుక్కుని అటక మీద పెట్టిన ఇళ్లు మనకు కొత్తా? ట్రెడ్‌మిల్లు మీద బట్టలారేసుకునే వాళ్లం!

కొన్నవాళ్లు మాత్రం నేరుగా నదికి వెళ్లకూడదు. స్కూలు గ్రౌండులోనో పార్కులోనో పచ్చిక మీద పది రోజులు సాధన చేయాలి. కొక్కెం వద్దు, కొసన ఎర్ర ఉన్ని పోగు కడితే చాలు. డాబా మీద వద్దు. సిమెంటుకు గీరుకుని లైను పూత పోతుంది. వరండాలోనూ వద్దు. ఈ కర్రల్ని విరిచేది ఎక్కువగా సీలింగు ఫ్యాన్లు, కారు తలుపులే. ముంజేతిని గడియారంలో పది మీద నుంచి రెండు మీదికి కదిపి ఆగాలి. వెనక లైను పూర్తిగా చాచుకునే దాకా ఆగి, అప్పుడు ముందుకు. తొందరపడితే కొరడా ఝళిపించినట్టు ‘ఛళ్’మంటుంది. ఆ చప్పుడు నది దగ్గర వినిపించిందంటే కొసన ఈక తెగిపోయిందని అర్థం. నలభై రూపాయలో, వందో గోవిందా!

తీర్థన్ నుంచి వచ్చాక కర్రకు పనుండదేమో అనుకోనక్కర్లేదు. మన చెరువుల్లో జిలేబీ చేపలు, పరిగెలు కూడా ఈకకు లేస్తాయి. చెరువు పాడుకున్నవాళ్ల అనుమతి మాత్రం తీసుకోండి. లేకపోతే చేప సంగతి తర్వాత, మీరే గాలానికి చిక్కుతారు!

నీళ్లు రంగు మారితే...

తీర్థన్ మీద ఆనకట్ట లేదు కాబట్టి గేట్లు ఎత్తుతారన్న భయం లేదు. అలాగని భయమే లేదనీ కాదు. పైన మంచుకొండల్లో మేఘం విరుచుకుపడితే గంటల్లో నది రూపం మారిపోతుంది. 2023 జులైలో బియాస్ వరదలు కులూ జిల్లాలో రోడ్లను, వంతెనల్ని, ఇళ్లను ఎలా ఊడ్చుకుపోయాయో టీవీల్లో అందరూ చూశారు. తేటనీళ్లు మట్టిరంగులోకి మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, ఒక రాయి మీద గుర్తుపెట్టుకున్న నీటి గీత పైకి జరిగినా... చేప కొక్కేనికి ఉన్నా సరే, వదిలేసి ఒడ్డెక్కాలి. మళ్లీ లార్జీ దిగువకు వెళ్లి బియాస్‌లో కాలు పెట్టే ఆలోచన మాత్రం చేయనేవద్దు.

దిగినా మోకాళ్లు దాటి దిగొద్దు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఒడ్డు మీంచే బోలెడు చోట్లున్నాయి. చెప్పులతో దిగడం అస్సలు కూడదు. రాళ్ల మీద పాచి సబ్బులా ఉంటుంది. బాగా పట్టున్న పాత కాన్వాస్ బూట్లు, ఉన్ని సాక్సులు వేసుకుని, ఎడంచేతిలో ఊతకర్ర పట్టుకోవాలి. ఆ ఊతకర్ర వేల రూపాయల రబ్బరు ప్యాంటు కంటే ఎక్కువ భద్రం. నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే, పది నిమిషాలకు కాళ్లున్న సంగతి మర్చిపోతారు.

పట్టాక?

చేపలు పట్టడానికి మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. రోజువారీ ఇస్తారు, పెద్ద ఖర్చు కాదు. దిగిన హోమ్‌స్టే వాళ్లను అడిగితే ఆ ఏర్పాటు చూస్తారు. ఎన్ని చేపలు, ఎంత పొడుగువి, ఏ చోటు నుంచి ఏ చోటు దాకా అన్న నిబంధనలు అందులోనే ఉంటాయి, చదువుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. మిగతా నెలల్లో కూడా మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. వర్షాకాలం బురద. మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు... ఇవీ మంచి రోజులు. దసరా సెలవులకు సరిగ్గా సరిపోతుంది.

చల్లటి నీళ్లలో బ్రౌన్ ట్రౌట్ పెరగడం చాలా నెమ్మది. దొంగతనంగా వలలు వేసేవాళ్లు, నీళ్లలో బ్లీచింగ్ పౌడరు చల్లేవాళ్లు ఒకపక్క దాన్ని తరుముతూనే ఉన్నారు. అందుకే ఒడ్డున గైడ్లు ముందుగా చేసే పని ఒకటుంది. కొక్కేనికి లోపలివైపు ఉండే ముల్లును పటకారుతో నొక్కేస్తారు. దాంతో చేప నోరు చిరగకుండా కొక్కెం ఇట్టే వచ్చేస్తుంది. మనిషి వేలికి గుచ్చుకున్నా అంతే సులువు. చేతులు తడుపుకుని, చేపను నీళ్లలోనే ఉంచి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి ఓ నిమిషం పట్టుకుంటే తోక ఆడిస్తూ వెళ్లిపోతుంది. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి జబ్బు పడుతుంది. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే పైకెత్తాలి.

ఇంత ఖర్చు పెట్టి, చలిలో వణికి, పట్టిన చేపను వదిలేయడమా అని ఇంట్లో పెద్దవాళ్లు అడగడం ఖాయం. వాళ్ల కోసం లోయలో ఫారాలున్నాయి. అక్కడ పెంచేది రెయిన్‌బో ట్రౌట్. హోమ్‌స్టే వంటింట్లో దాన్ని ఆవనూనెలో వేయించి పెడతారు. ముళ్లు తక్కువ. కాస్త చింతపండు, ఎండుమిర్చి వెంట తీసుకెళ్లినవాళ్లు అడిగి మరీ పులుసు పెట్టుకోవచ్చు.

గాలం మీద మోజు లేని వాళ్లకూ ఇక్కడ రోజు గడిచిపోతుంది. బంజార్ లోయకు పెద్ద దేవుడు శృంగ రుషి. దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడే ఆయన అంటారు. గుడి దగ్గర్నుంచి కొండెక్కితే చెహనీ అనే ఊళ్లో రాయి, దేవదారు దూలాలు పేర్చి కట్టిన పాతకాలపు ఎత్తైన బురుజు. ఇంకా పైకి పోతే 3,120 మీటర్ల ఎత్తున జలోరి కనుమ. గుశైనీ నుంచి కాలిబాటన నడిస్తే గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు. 754 చదరపు కిలోమీటర్ల ఈ అడవికి 2014లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. తీర్థన్ పుట్టేది ఆ మంచులోనే.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్, విజయవాడల నుంచి ఢిల్లీకి రైలు లేదా విమానం. అక్కణ్నుంచి రాత్రి మనాలి బస్సెక్కితే తెల్లవారేసరికి ఔట్‌లో దిగొచ్చు. సుమారు 500 కిలోమీటర్లు. చండీగఢ్ దాకా వెళ్తే అందులో సగం దూరమే. ఔట్ నుంచి బంజార్‌కు బస్సులు, జీపులు ఉంటాయి. బంజార్ నుంచి నాగిని మీదుగా గుశైనీ మరో పది కిలోమీటర్లు. దగ్గరి విమానాశ్రయం భుంతర్, అక్కణ్నుంచి సుమారు 50 కిలోమీటర్లు. అక్టోబరులో కూడా సాయంత్రం స్వెట్టర్ తప్పదు. గది ముందుగానే మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు అడగండి... అద్దె కర్రలున్నాయా, లైసెన్సు ఎవరు తెస్తారు, పిల్లలకు నేర్పే గైడు దొరుకుతాడా. మూడోదానికి అవునన్న ఇంట్లోనే దిగండి.